చెయ్యి దూరని బాయిలర్: ఏడేళ్ళు వాడిన తర్వాత

కందుకూరు దగ్గర మా ఊళ్ళో, పెరటి వేపచెట్టుకూ స్నానాలగదికీ మధ్యన ఒక కట్టెల బాయిలర్ ఉంది. ఎనభై లీటర్లది, స్టెయిన్‌లెస్ స్టీలుది. 2018 డిసెంబరులో ఒంగోలులో 11,500 రూపాయలకు కొన్నాను. (కొన్ననాడు మాది ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపారు. ఈ బాయిలర్ రెండు జిల్లాల్లోనూ కాగింది.) దాని గురించి నన్ను ఎవరు అడిగినా మొదట చెప్పే మాట ఒక్కటే. దాని పైమూతను చుట్టూ వెల్డింగ్ చేసి మూసేశారు. లోపలికి చెయ్యి దూరే సందు ఎక్కడా లేదు. మిగతా గుణదోషాలన్నీ నా దృష్టిలో దీని తర్వాతివే.

ఈ విషయంలో నన్ను నేనే తిట్టుకోవాలి. ముప్పై ఏళ్ళు వర్జీనియా పొగాకు వేసి, బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే గది; దాన్నే ఆకు కాల్చడం అంటాం) పొయ్యి దగ్గర రాత్రుళ్ళు నిద్ర కాచినవాణ్ణి. బ్యారన్‌లో పొయ్యి నోరు గోడకు బయట ఉంటుంది; మంట వేడి లోపల నేలమీద పరిచిన రేకు గొట్టాల గుండా తిరిగి పొగగొట్టంలోకి పోతుంది. ఏటా ఆకు కాల్చే కాలానికి ముందే ఆ గొట్టాలను విప్పి, మసి దులిపి, చిల్లులు పడిన వాటిని మార్చి మళ్ళీ బిగిస్తాం. విప్పడానికి వీలులేని గొట్టాన్ని ఏ రైతూ బ్యారన్‌లో పెట్టించుకోడు. బాయిలర్ కూడా అదే సూత్రం కదా: నడుమ పొయ్యి గొట్టం, చుట్టూ నీళ్ళు. అయినా ఆ రోజు అంగట్లో దాని మెరుపు చూశాను, కొళాయి తిప్పి చూశాను, బరువు కూడా ఎత్తి చూశాను గానీ, దీన్ని లోపల కడగడం ఎలా అని మాత్రం అడగలేదు.

మా ప్రాంతంలో ఇంటిని వెచ్చబరచుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. మంచు దేశాల్లో ఇటువంటి కట్టెల బాయిలర్‌నే ఇంకా పెద్దదిగా ఇంటి బయట పెట్టి, కాగిన నీళ్ళను భూమిలో వేసిన గొట్టాల ద్వారా పంపి గదులన్నీ వెచ్చగా ఉంచుకుంటారు. మాకు కావలసింది తొమ్మిదిమందికి స్నానాల నీళ్ళు. కీళ్ళనొప్పులతో ఉన్న మా అమ్మకు ఎండాకాలంలో కూడా వేడినీళ్ళు కావాలి. అవసరం అంతవరకే. దానికి ఈ ఎనభై లీటర్లు చక్కగా సరిపోయాయి. 60 డిగ్రీలకు కాగిన నీళ్ళలో చన్నీళ్ళు కలుపుకుంటే రెండువందల లీటర్ల స్నానపు నీళ్ళవుతాయి, అంటే మనిషికొక బకెట్. ఇదే పనికి కరెంటయితే రోజుకు సుమారు 3 యూనిట్లు కావాలి. రెండు కిలోవాట్ల గీజరు గంటన్నర పనిచేయాలి. మాకు మూడు కిలోల ఎండు చిల్లకంప (సర్కారు తుమ్మ) సరిపోయేది.

కొన్న కొత్తలో ఇరవై నిమిషాల్లో నీళ్ళు కాగుతున్నాయని ఊళ్ళో కనబడినవారందరికీ చెప్పాను. నా మాట మీద ఇద్దరు కొన్నారు కూడా. ఆ లెక్క మార్చి, ఏప్రిల్‌లదని తర్వాత అర్థమయింది. మిద్దె మీది టాంకులో నీళ్ళు అప్పటికే సగం కాగి ఉండేవి. డిసెంబరులో అరగంట దాటేది. అంగడివారు మాత్రం లోపలి గొట్టానికి పలచటి రేకు వేయడం వల్లే అంత త్వరగా కాగుతుందని గర్వంగా చెప్పారు, నేనూ నమ్మాను.

మూడో ఏడు వానాకాలంలో ఆ అరగంట కాస్తా ముప్పావుగంట అయింది. మంట బాగానే ఉండేది, పొగగొట్టం పట్టుకోలేనంత వేడెక్కేది, నీళ్ళు మాత్రం గోరువెచ్చగా వచ్చేవి. లోపల నుంచి పేలాలు వేగుతున్నట్టు పటపటమనే చప్పుడు మొదలయింది. 2021 నవంబరులో మా జిల్లాల్లో కురిసిన వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. కట్టెలు తడిశాయి గనుక ఇలా అవుతున్నదని నేను తీర్మానించుకున్నాను. కట్టెలు తోలిన అతనితో పోట్లాడాను. అతనికి ఇప్పటికీ క్షమాపణ బాకీ ఉన్నాను.

2022 భోగి నాడు తెల్లవారుజామున అసలు సంగతి బయటపడింది. పురిటికి వచ్చిన మా అమ్మాయి, పసిబిడ్డ, వియ్యాలవారు, తలంటు కోసం నూనె రాసుకుని కూర్చున్న పిల్లలు, ఇలా ఇల్లంతా జనం. పొయ్యి అంటించిన పది నిమిషాలకు లోపల బుసబుసమన్న శబ్దం వచ్చింది, పొగకు బదులు ఆవిరి వచ్చింది, నిప్పులు ఆరిపోయాయి. బూడిద తలుపు తెరిస్తే బూడిద బురదగా కాళ్ళమీదికి జారింది. అటకమీద ఉన్న మా జేజి కాలంనాటి రాగి కాగును దింపి, మూడు రాళ్ళు పెట్టి, భోగిమంటలోని నిప్పులే తెచ్చి దాని కింద పోసి పిల్లల తలంట్లు కానిచ్చాం. అది ఎంత పాతదో తెలియదు. దాని నోరు బారెడు. చింతపండు తీసుకుని చెయ్యి లోపలికి పెట్టి తోమితే పది నిమిషాల్లో అద్దంలా అవుతుంది.

పండుగ తర్వాత అంగడికి ఫోను చేస్తే, బోరు నీళ్ళు వాడితే వారంటీ వర్తించదని చెప్పారు. బోరు నీళ్ళు కాక ఈ ప్రాంతంలో బాయిలర్‌లో ఏ నీళ్ళు పోస్తారో వారే చెప్పాలి. చివరకు మా ఊరి వెల్డింగ్ కుర్రవాణ్ణి పిలిపించాను. అతను బాయిలర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఏంది సార్ ఇది, చెయ్యి పెట్టేదానికి సందే లేదే! ఎట్టా కడగాలనుకున్నారు దీన్ని?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. గ్రైండర్‌తో మూత కోసి తీశాడు.

లోపల పొయ్యి గొట్టం చుట్టూ పళ్ళకు పట్టినట్టు తెల్లటి గార వేలి మందాన పట్టింది. అడుగున ఊడిపడిన పెచ్చులు పేరుకుని ఉన్నాయి. ఉలితో పెళ్ళగిస్తే అర బకెట్టుకు కాస్త తక్కువగా వచ్చాయి. మా బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లుగా కరిగి ఉన్నాయి. కాచినప్పుడు అవి కరగని పదార్థాలుగా, ఎక్కువగా కాల్షియం కార్బొనేట్‌గా, మారి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోటనే, అంటే పొయ్యి గొట్టం మీదనే, అంటుకుంటాయి. ఆ పొర వేడిని నీళ్ళకు చేరనివ్వదు. నీళ్ళు తాకినంతకాలం చల్లబడుతూ ఉండే రేకు అప్పుడు మంటకు ఒంటరిగా చిక్కి కాలుతుంది. పలచటి రేకు కావడంతో ముందు వెల్డింగ్ అతుకు దగ్గర నెరె వచ్చింది, తర్వాత చిల్లు పడింది. నేను మెచ్చుకున్న పలచదనమే కొంపముంచింది. అడుగున కడుగునీళ్ళు వదలడానికి అరంగుళం గొట్టం ఒకటి ఇచ్చారు. దానిలోంచి బురద నీళ్ళు పోతాయి గానీ పెచ్చులు పోవు.

ఇంతకంటే నన్ను భయపెట్టింది గాలి గొట్టం. లోపల పుట్టిన ఆవిరి బయటకు పోవడానికి మిద్దె టాంకు కంటే ఎత్తుకు లేపిన గొట్టం అది. దాని అడుగు మొదలు సగానికి పైగా గారతో పూడిపోయి ఉంది. మాకేమో బాయిలర్ నిండగానే టాంకు వాల్వు కట్టేసే అలవాటు. ఇంకో ఏడాది అలాగే గడిచి ఆ సగం కూడా పూడితే, కింద మంట, పైన మూసిన మూత, ఆవిరికి దారి లేని స్థితి. పక్కనే స్నానాలగది. అది తలుచుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత టాంకు వాల్వును ఎప్పుడూ తెరిచే ఉంచుతున్నాము.

ఆ కుర్రవాడే రెండు మిల్లీమీటర్ల రేకుతో కొత్త గొట్టం వేసి, పై అంచుకు పట్టీ అతికి, పన్నెండు బోల్టులతో విప్పుకునే మూత తయారుచేశాడు. అన్నీ కలిపి 4,200 రూపాయలయింది. మొదట వేసిన రబ్బరు వాచరు నెల తిరక్కుండా గట్టిపడి కారింది. సిలికాన్‌ది వేశాక ఆ బాధ తప్పింది. రేకు మందం రెట్టింపుకు పైగా పెరిగినా నీళ్ళు కాగడంలో ఆలస్యమేమీ కనబడలేదు. పలచటి రేకు గురించి అంగట్లో చెప్పిన మాట విలువ అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆరునెలలకొకసారి మూత విప్పుతాను. అంతకు ముందురోజు సాయంత్రం నీళ్ళు కాచి, అరకిలో నిమ్మఉప్పు కలిపి రాత్రంతా ఉంచితే, పలచటి పొర అయితే నురగలు కక్కుతూ కరిగిపోతుంది; మిగిలినదాన్ని కర్రముక్కతో గీకి కడిగేస్తాను. మరుగుదొడ్లకు వాడే యాసిడ్ పోయమని ఒకరు సలహా ఇచ్చారు. అది గారతో పాటు స్టీలును కూడా తినేస్తుంది గనుక ఆ జోలికి పోలేదు.

విప్పుకునే మూత వల్ల ఊహించని మేలు ఒకటి జరిగింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలివానకు మాకు రెండు రోజులు కరెంటు లేదు. బోరు మోటారు ఆడక టాంకు ఖాళీ అయింది. చూరు కింద గంగాళాలూ బకెట్లూ పెట్టి వాననీళ్ళు పట్టి, మూత విప్పి నేరుగా బాయిలర్‌లో పోశాము. పొగాకు మండెల (ఆకు దొంతరల) కోసం వేసుకున్న పాత పాకలో కట్టెలు పొడిగానే ఉన్నాయి. ఆ నీళ్ళతో తలస్నానం చేసిన మా అమ్మ, “ఎన్నాళ్ళకురా తలకు జిడ్డు వదిలింది!” అన్నది. సబ్బు అంతగా నురగ రావడం మా మనుమలు మొదటిసారి చూశారు. ఆ తర్వాత మిద్దె నీళ్ళు దిగే గొట్టాన్ని ఒక పెద్ద డ్రమ్ములోకి తిప్పించాను. చివరి వానలు పడ్డాక కూడా కొన్నాళ్ళపాటు బాయిలర్‌కు ఆ నీళ్ళే వస్తాయి. వాననీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు గనుక గార పట్టదు. అలా వాడిన ఏడు మూత తీసి చూస్తే గొట్టం మీద కాగితమంత పొర మాత్రమే ఉంది.

పొగ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో తప్పు బాయిలర్‌ది కాదు, నాది. మొదటి రెండేళ్ళు పచ్చి జామాయిల్ మండలు కూడా వేసేవాణ్ణి. పక్కింటి పిన్నమ్మ ఆరేసిన చీరలకు మసి అంటి ఆవిడ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇంటి బయట పెట్టే కట్టెల బాయిలర్ల పొగకు అమెరికా ప్రభుత్వమే 2015లో పరిమితులు విధించింది. మనకు పక్కింటివారే ప్రభుత్వం. ఇప్పుడు ఒక వేసవి అంతా ఎండిన చిల్లకంపనే వాడుతున్నాను, పొగగొట్టాన్ని మరో నాలుగు అడుగులు పెంచాను. పిన్నమ్మ పలకరిస్తున్నది.

కొనాలా వద్దా అని అడిగేవారికి నేను గట్టిగా ఏమీ చెప్పలేను. మాకు పొలం గట్లమీద కంప ఊరికే దొరుకుతుంది, తెల్లవారకముందే లేచి పొయ్యి అంటించడం నాకు బ్యారన్ రోజులనుంచీ అలవాటు, ఇంట్లో స్నానాలు చేసేవారు తొమ్మిదిమంది. కట్టెలు కొనుక్కోవలసినవారికి, నలుగురే ఉన్న ఇంటికి, నా లెక్కలు సరిపోవు. వారికి గీజరే సుఖం కావచ్చు. అయితే ఆ గార గీజరులోనూ పడుతుంది. రాగిది కొనగల స్తోమత ఉంటే అది మేలేమో, నేను రాగి బాయిలర్ వాడలేదు, కాగు మాత్రమే వాడాను.

మొన్న మా బావమరిదికి ఒకటి కావాలంటే ఇద్దరం కలిసి ఒంగోలు వెళ్ళాము. వరుసగా నిలబెట్టిన బాయిలర్లలో ప్రతిదాని మూత దగ్గరా వంగి చూస్తుంటే అంగడి కుర్రవాడు నన్ను వింతగా చూశాడు. బోల్టుల మూత ఉన్నది ఒక్కటే కనబడింది, ధర రెండువేలు ఎక్కువ. మోచేతి దాకా లోపలికి పెట్టి చూసి, ఇదే తీసుకోమన్నాను. మా బావమరిది రంగు బాగుందని పక్కన ఉన్నదాన్ని కొన్నాడు.