బొమ్మల బైబిలు కథలు: ఉద్దానంలో ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా చర్చిలో నేను సండే స్కూల్ టీచర్‌ని. యానిమేషన్ బైబిలు కథలు చూపించడం 2017 మే నెలలో, సెలవుల బైబిలు పాఠశాలలో మొదలుపెట్టాను. మొదటి రోజు పన్నెండు మంది పిల్లలు వచ్చారు. మూడో రోజుకు కిటికీలు పట్టుకుని వేలాడినవాళ్ళతో కలిపి అరవై దాటారు. పాస్టర్ గారు, నేను ఉబ్బితబ్బిబ్బయ్యాం. ఆ ఉబ్బు కొంత తగ్గాక రాస్తున్న సమీక్ష ఇది.

ముందు పరికరాల సంగతి. తొమ్మిది వేలకు కొన్న చిన్న ప్రొజెక్టరు పగటి వెలుతురులో ఎందుకూ పనికిరాలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టాం. మే నెల ఉక్కలో, మూసిన గదిలో అరవై మంది! ఒక పిల్లవాడు కళ్ళు తిరిగి కూలబడ్డాక దాన్ని అటక మీద పెట్టేసి, పాత టీవీ ఒకటి కొన్నాం. నెట్‌లో నేరుగా చూపించడం కూడా మానండి. ఒక ఆదివారం మోషే ఎర్ర సముద్రం దగ్గర కర్ర ఎత్తబోతుండగా రమ్మీ ఆట ప్రకటన వచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దలు మాత్రం నావైపు చూశారు.

ఇక కథలు. సూపర్‌బుక్ చాలామందికి తెలిసిందే. 1981లో జపాన్‌లో బొమ్మలు గీయించి మొదలుపెట్టిన ధారావాహిక అది. 2011 నుంచి కంప్యూటర్ యానిమేషన్‌తో కొత్తగా వస్తోంది, తెలుగులోనూ దొరుకుతుంది. బొమ్మ నాణ్యతలో దానికి వంక పెట్టలేను. అది కాక ఇంకా ఏడెనిమిది రకాలు చూపించాను. కొన్నింటి తెలుగు వింటే, అనువదించినవారు ఎప్పుడూ తెలుగు ఇంట్లో అన్నం తినలేదేమో అనిపిస్తుంది.

అసలు చిక్కు భాషతో కాదు. చాలా కార్టూన్లలో జంతువులన్నీ మాట్లాడతాయి. నోవహు ఓడలో కోతి జోకు వేస్తుంది, యేసయ్య పుట్టిన పశువుల పాకలో గొర్రె పాట పాడుతుంది. దర్శనాలు పక్కన పెడితే, బైబిల్లో మాట్లాడిన జంతువులు రెండే: ఏదెనులో సర్పం, సంఖ్యాకాండంలో బిలాము గాడిద. ఆ గాడిద కథ చెప్పిన రోజు, అది నోరు తెరిచిన చోట నేను గొంతు తగ్గించి ఆగాను. ఒక్కరికీ ఆశ్చర్యం కలగలేదు. గాడిద మాట్లాడకపోతేనే వాళ్ళకు వింత! అద్భుతాన్ని నా చేతులతో నేనే చప్పగా చేశానని ఆ రోజు అర్థమైంది.

అప్పటినుంచి నేను చూపినవాటిని బైబిలు వాక్యం పక్కన పెట్టి చూడసాగాను. యోనాను మింగినది తిమింగలమని యోనా గ్రంథం చెప్పదు, ‘గొప్ప మత్స్యము’ అంటుంది. పసి యేసయ్యను చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని సువార్తలో మత్తయి రాయలేదు. వాళ్ళు వచ్చింది పాకకు కాదు, ఇంటికి. సింహాల గుహలో కండలు తిరిగిన యువకుడిని చూపిస్తారు గానీ, రాజుల కాలం లెక్కేస్తే దానియేలుకు అప్పటికి ఎనభై దాటి ఉండాలి. ఇవి తప్పులని కార్టూన్లను తిట్టడం లేదు, ఈ తేడాలే ఇప్పుడు మా పెద్ద తరగతికి ఆట. చూశాక బైబిలు తెరిచి, బొమ్మలో ఉండి వాక్యంలో లేనివి పట్టుకోవాలి. ఎక్కువ పట్టినవారికి వేరుశనగ ఉండ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి, చాలా రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చిన కొత్తలో, ఏమీ ఆలోచించకుండా, యేసయ్య తుపానును నిమ్మళింపజేసిన కథ టీవీలో పెట్టాను. ఈదురుగాలి హోరు మొదలవగానే ముందు వరుసలోని చిన్నపిల్ల చెవులు మూసుకుని నా చీర కుచ్చిళ్ళలో తల దూర్చింది. ఆపేశాను. ఆ వారమంతా నన్ను నేను తిట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం అదే కథ మార్కు సువార్త నుంచి చదివి, నోటితో చెప్పాను. ఆయన ‘దోనె అమరమున’ నిద్రపోయాడని ఉంటుంది. అమరమంటే ఏమిటో నాకు తెలియదు. “పడవ వెనక భాగం టీచరమ్మా, చుక్కాని ఉండేచోటు” అన్నాడు వెనక వరుసలోని ఒక జాలరి కొడుకు. అంత అలలో అక్కడ నిద్ర ఎలా పడుతుందని అరగంట వాదన జరిగింది. వాదిస్తూనే ఆ రాత్రి తమ ఇంటి పైకప్పు ఎలా లేచిపోయిందో ఒక్కొక్కరే చెప్పారు.

ఆ రోజు బొమ్మలు వేయమన్నాను. కార్టూన్ చూసి వేసిన బొమ్మలు ఎప్పుడూ అచ్చు గుద్దినట్టుంటాయి: అదే తెల్లటి ముఖం, అదే నీలి కండువా. ఈసారి ఒకరిది తెప్ప, ఒకరిది ఇంజను ఉన్న ఫైబర్ బోటు, ఇంకొకరి యేసయ్య లుంగీ కట్టుకుని ఉన్నాడు. అవి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

అందుకని టీవీ మానేశానా? లేదు. కథ ముందు చెబుతాను, వాళ్ళు గీస్తారు, ఆ తర్వాతే ఐదారు నిమిషాల ముక్క చూపిస్తాను. వాళ్ళ కళ్ళు ఎరగనివి, అంటే ఐగుప్తు (ఈజిప్టు), బబులోను కోట గోడలు, ఇశ్రాయేలీయులు ఎడారిలో ఆరాధనకు వేసుకున్న ప్రత్యక్ష గుడారం, ఇలాంటివాటికి బొమ్మను మించింది లేదు. నేను గంటసేపు చేతులు ఊపినా గుడారపు తెరలు వాళ్ళకు కనిపించలేదు, రెండు నిమిషాల వీడియోతో కనిపించాయి. సిలువ ఘట్టం మాత్రం ఏడేళ్ళలోపు పిల్లలకు చూపించను.

నోవహు ఓడ కొలతకైతే టీవీ అక్కర్లేదు. మూర అంటే పూలు కొనే పిల్లలందరికీ తెలుసు. ఓడ పొడవు మూడువందల మూరలు. తాడు పట్టుకుని చర్చి గుమ్మం నుంచి మూరలు వేస్తూ పోతే, ఊరి వీధి దాటి బడి ప్రహరీ దగ్గరకు చేరాం. కిందటి నెల, యేసయ్య శిష్యుడు, జాలరి పేతురు వలలో నూట యాభై మూడు చేపలు పడిన కథ. టీవీ పెట్టలేదు. ఒకడు వెంటనే వంజరం ధర అడిగి, కిలోలు లెక్కేసి, పేతురుకు ఆ పూట ఎంత వచ్చి ఉంటుందో బోర్డు మీద రాశాడు. నేను దాన్ని చెరపలేదు.