క్యూజీఐఎస్: ఏళ్ల తరబడి వాడి, పక్కవాళ్ల చేత కూడా వాడించాక

మ్యాపుల పని నాకు రోజూ ఉండేదే. మొదట్లో డబ్బు కట్టి కొనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్ ఒక్కటే తెలుసు. తర్వాత చాలాకాలం ఆర్క్‌మ్యాప్, అలాంటి పనులే ఉచితంగా చేసిపెట్టే క్యూజీఐఎస్ రెండూ ఒకే కంప్యూటర్‌లో పెట్టుకుని, ఏ పనికి ఏది వీలైతే అది తెరిచేవాణ్ణి. ఇప్పుడు దాదాపు అంతా క్యూజీఐఎస్‌లోనే. ఈలోగా ఆఫీసులో కొత్తవాళ్లకీ పాతవాళ్లకీ దీన్ని అలవాటు చేసే పని కూడా నా నెత్తిన పడింది. అందుకే ఈ సమీక్ష సగం సాఫ్ట్‌వేర్ గురించి, సగం దాన్ని వద్దన్నవాళ్ల గురించి. వద్దన్నవాళ్లు చెప్పే కారణాల్లో చాలావరకు న్యాయమైనవే.

డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లి "ఇది ఫ్రీ అండీ" అని మొదలుపెట్టడం శుద్ధ దండగ. లైసెన్స్ డబ్బు వాళ్ల జేబులోంచి పోవట్లేదు, ఆఫీసు కడుతోంది. వాళ్లు నిజంగా పోగొట్టుకునేది వేరే ఉంది. చూడకుండానే చేతికి తగిలే మెనూలు, ఎప్పటినుంచో కూడబెట్టుకున్న సింబల్స్, రాసి పెట్టుకున్న స్క్రిప్టులు. వీటన్నిటి ముందు ఫ్రీ అన్న మాట తేలిపోతుంది. పైగా అనుమానం పుట్టిస్తుంది. "రేపు పొద్దున ఇది ఆగిపోతే ఎవరిని అడగాలి?" అంటారు వెంటనే.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు దీని చరిత్రే. గ్యారీ షెర్మన్ అనే ఆయన 2002లో క్వాంటమ్ జీఐఎస్ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 1.0 వెర్షన్ 2009లో వచ్చింది, 2013లో 2.0తో పాటు పేరు క్యూజీఐఎస్‌గా కుదించుకుంది, 2018లో 3.0 వచ్చింది. సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే జీపీఎల్ లైసెన్స్ కింద అందరి చేతిలో ఉంది కాబట్టి ఒక కంపెనీ మూతపడితే పోయేది కాదు. అటువైపు చూస్తే, లక్షణంగా నడుస్తున్న ఆర్క్‌మ్యాప్‌కి సపోర్ట్ గడువు 2026 మార్చి 1 అని దాన్ని తయారుచేసిన కంపెనీయే ప్రకటించింది. దాని తర్వాత తరం ఆర్క్‌జీఐఎస్ ప్రో 2015లోనే వచ్చినా, రిబ్బన్ మెనూలు చూసి వెనక్కి వచ్చేసిన వాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. నేను గమనించిందేమిటంటే, ఎలాగూ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోక తప్పని సమయంలోనే జనం క్యూజీఐఎస్ వైపు నిజంగా చూస్తారు. ఉన్నది బాగా నడుస్తున్నప్పుడు ఎంత చెప్పినా చెవికెక్కదు.

ఇక పనికొచ్చే దారి ఏమిటంటే, అవతలి మనిషిని రోజూ విసిగించే ఒక్క పని పట్టుకోవాలి. ఆ ఒక్కటీ వాళ్ల డేటాతోనే చేసి చూపించాలి. మా ఆఫీసులో ఒకావిడకి వార్డుకో మ్యాప్ చొప్పున పీడీఎఫ్‌లు ఇవ్వాల్సిన పని తరచూ తగిలేది. ఆవిడ ఒక్కో వార్డుకీ జూమ్ చేసి, శీర్షిక మార్చి, ఎక్స్‌పోర్ట్ కొట్టి, ఫైలుకు పేరు పెట్టి, మళ్లీ మొదటికి వచ్చేది. (ఆవిడ వాడే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి సదుపాయం లేకపోలేదు, ఎవరూ చూపించలేదంతే.) క్యూజీఐఎస్ ప్రింట్ లేఅవుట్‌లో అట్లాస్ అని ఉంటుంది. అందులో వార్డుల లేయర్‌ని (వార్డుల హద్దులున్న డేటా పొరని) కవరేజ్ లేయర్‌గా, అంటే ఒక్కో వార్డుకీ ఒక్కో పేజీ వచ్చేలా ఎంచుకున్నాం. మ్యాప్ బాక్స్ మీద నొక్కి "అట్లాస్ ఆధీనంలో ఉండు" అన్న గడిలో టిక్ పెట్టాం, చుట్టూ పది శాతం ఖాళీ వదలమన్నాం. శీర్షికలో వార్డు పేరు టైప్ చేయకుండా, డేటాలో పేర్లున్న కాలమ్‌ని పిలిచే చిన్న ఎక్స్‌ప్రెషన్ (ఫార్ములా లాంటిది) పెట్టాం. ప్రివ్యూ బటన్ నొక్కితే మ్యాప్ తనంతట తాను తర్వాతి వార్డుకి వెళ్లింది, పేరు మారింది, స్కేల్ బార్ సర్దుకుంది.

ఆవిడని పడగొట్టింది మాత్రం ఆ తర్వాతిది. వార్డుల లేయర్‌ని ఇంకోసారి పైన వేసి, దాని స్టైల్‌ని ఇన్వర్టెడ్ పాలిగన్స్‌కి (ఆకారం లోపల కాకుండా బయట రంగు నింపే పద్ధతికి) మార్చి, "ఈ పేజీ ఏ వార్డుదో ఆ వార్డుకి మాత్రమే" అని ఒక రూల్ రాశాం. దాంతో ప్రతి పేజీలో ఆ వార్డు బయట ఉన్నదంతా పల్చటి తెల్ల పొర కింద మసకబారి, వార్డు ఒక్కటే తేటగా నిలిచింది. "ఇదేదో ముందే చెప్పొచ్చు కదా" అంది. ఆ తర్వాత ఓపెన్ సోర్స్ గొప్పదనం గురించి నేను ఒక్క ముక్క మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఎక్స్‌ప్రెషన్ల గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే క్యూజీఐఎస్ అసలు బలం నా దృష్టిలో అదే. రంగు, గీత మందం, లేబుల్ సైజు, లేబుల్ తిరిగే కోణం, ఏదైనా సరే పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి ఆ విలువని డేటాలోని కాలమ్‌కి గానీ లెక్కకి గానీ కట్టేయొచ్చు. జియోమెట్రీ జనరేటర్ అయితే మరీనూ. పాయింట్ లేయర్ పాయింట్‌గానే ఉండగా, తెర మీద మాత్రం దాని చుట్టూ వలయమో, పక్క పాయింట్‌కి గీతో గీయించొచ్చు. కొత్త ఫైల్ పుట్టదు. దీనికి అలవాటు పడ్డాక వేరే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుంటే నాకు చేతులు కట్టేసినట్టుంటుంది.

ఫైళ్ల సంగతి సగం శుభవార్త. మ్యాప్ డేటా ఏ రకం ఫైల్‌లో ఉన్నా, షేప్‌ఫైల్, క్యాడ్ నుంచి వచ్చిన డీఎక్స్‌ఎఫ్, కేఎంఎల్, ఆర్క్‌జీఐఎస్ సొంత రకమైన ఫైల్ జియోడేటాబేస్, ఏదిచ్చినా చాలావరకు తెరుచుకుంటుంది. దీని వెనక ఉన్నది జీడాల్ అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు లోపల వాడుకునే కోడ్). 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టింది. డబ్బులకు అమ్మే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లలో కూడా లోపల ఈ జీడాల్‌నే పెట్టుకున్నవి ఉన్నాయి. ఓపెన్ సోర్స్ అంటే నమ్మకం లేదని మీటింగులో వాదించే పెద్దమనిషి రోజూ దాన్నే వాడుతూ ఉండొచ్చన్నమాట. ఫైల్ జియోడేటాబేస్‌ని చదవడం ఎప్పటినుంచో ఉన్నా, అందులోకి రాయడం ఆర్క్‌మ్యాప్ కంపెనీ సాయం లేకుండా కుదిరింది మాత్రం 2022లో వచ్చిన జీడాల్ 3.6తోనే. పాత వెర్షన్‌లో ప్రయత్నించి "కుదరదు" అని తీర్మానించుకున్నవాళ్లు ఇంకోసారి చూడొచ్చు.

మిగతా సగం అంత బాగోదు. డేటా వస్తుంది కానీ దాని అలంకారం రాదు. ఆర్క్‌మ్యాప్ ప్రాజెక్ట్ ఫైల్ క్యూజీఐఎస్‌లో నేరుగా తెరుచుకోదు. సింబల్స్, లేబుల్ నియమాలు, లేఅవుట్లు మళ్లీ చేసుకోవాల్సిందే. స్లైర్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వాటిని మార్చిపెడుతుంది, కానీ అందులో అన్ని సదుపాయాలూ కావాలంటే డబ్బు కట్టాలి. నా లెక్కలో అది కట్టదగ్గ డబ్బే. ఆర్క్‌మ్యాప్ కోసం పైథాన్‌లో రాసుకున్న ఆర్క్‌పై స్క్రిప్టులు మాత్రం పూర్తిగా తిరగరాయాలి, దానికి దొడ్డిదారి లేదు. ఈ ఖర్చు ముందే చెప్పకుండా మనుషుల్ని మార్చబోతే వాళ్లు రెండో వారంలో వెనక్కి పోతారు.

పాత రకం ఫైలైన షేప్‌ఫైల్ వదిలి, కొత్త రకమైన జియోప్యాకేజ్‌కి రమ్మని మాత్రం నేను గట్టిగానే పోరు పెడతాను. తెలుగులో పేర్లు నింపేవాళ్లయితే మరీ. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకి పది బైట్లే చోటు. యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి, గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే. అంటే కాలమ్‌కి తెలుగు పేరు పెట్టడం వృథా ప్రయాస. ఒక గడిలో పట్టే 254 బైట్లు ఎనభై నాలుగు గుర్తులకే నిండిపోతాయి, అది దాటిన వివరణ చడీచప్పుడు లేకుండా తెగిపోతుంది. ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే, పక్కనుండే సీపీజీ ఫైల్ పోయిందంటే పేర్లన్నీ పిచ్చిగీతలే. జియోప్యాకేజ్‌లో ఈ బాధలేవీ లేవు, పైగా అంతా ఒకే ఫైల్. ఆర్క్‌జీఐఎస్ ప్రో కూడా దాన్ని చదువుతుంది.

నమ్మకం దెబ్బతినే చోటు ఒకటుంది, అది విస్తీర్ణం దగ్గర. మా సీనియర్ ఒకాయన తన పాత లేయర్‌ని క్యూజీఐఎస్‌లో తెరిచి, ఫీల్డ్ కాల్క్యులేటర్‌లో విస్తీర్ణం వేసి, తన పాత అంకెతో పోల్చారు. కలవలేదు. "చూశారా, ఫ్రీ సాఫ్ట్‌వేర్ లెక్క ఇలాగే ఉంటుంది" అన్నారు. నిజానికి అక్కడ తప్పు ఎవరిదీ కాదు. క్యూజీఐఎస్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే విస్తీర్ణం ఫంక్షన్ ప్రాజెక్ట్‌లో పెట్టిన ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి దగ్గరగా ఉండే నమూనా) ప్రకారం, అంటే భూమి వంపు మీద లెక్క కడుతుంది. ఆయన పాత అంకె యూటీఎం ప్రాజెక్షన్‌లో (భూమిని జోన్లుగా విడగొట్టి చదును చేసే పద్ధతిలో) చదును చేసిన కాగితం మీద లెక్క. యూటీఎం జోన్ నడిమి రేఖ దగ్గర స్కేల్ 0.9996 ఉంటుంది. పొడవులో తగ్గింది వెడల్పులోనూ తగ్గుతుంది కాబట్టి, నేల మీద 100 హెక్టార్లున్నది చదును లెక్కలో 99.92 హెక్టార్లే వస్తుంది. ఎనిమిది వందల చదరపు మీటర్ల తేడా! ఐడెంటిఫై టూల్‌తో ఆ పాలిగన్ మీద నొక్కి, ఎలిప్సాయిడ్ విస్తీర్ణం, కార్టీజియన్ (చదును) విస్తీర్ణం రెండూ ఒకదాని కింద ఒకటి చూపించాను. కార్టీజియన్ అంకె ఆయన అంకెతో అక్షరాలా కలిసింది. ఆయన కాసేపు ఊరుకుని, "మరి మన రికార్డుల్లో ఏది రాయాలి?" అన్నారు. అదీ అసలు ప్రశ్న. మా పాత రికార్డులన్నీ చదును లెక్కలోనే ఉన్నాయి కాబట్టి, ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ తీసేసి ప్లానిమెట్రిక్, అంటే చదును లెక్క, పెట్టుకున్నాం.

ఇప్పుడు తిట్లు. క్యూజీఐఎస్‌లో ఎడిటింగ్ లేయర్‌కి లేయర్‌కి విడివిడిగా మొదలుపెట్టాలి. ప్రతిదానికీ పెన్సిల్ నొక్కాలి, ప్రతిదానికీ సేవ్ కొట్టాలి. ఆర్క్‌మ్యాప్‌లో ఒకసారి ఎడిటింగ్ మొదలుపెడితే ఆ వర్క్‌స్పేస్ అంతా తెరుచుకునేది. అక్కణ్ణుంచి వచ్చినవాళ్లకి ఇది నిజంగా చికాకే. ఒకే పనికి రెండు మూడు టూల్స్ ఉండటం ఇంకో చికాకు. బఫర్ (దేని చుట్టూనైనా ఇంత దూరం అని హద్దు గీసే టూల్) అని వెతికితే క్యూజీఐఎస్ సొంతది ఒకటి, జీడాల్‌ది ఒకటి, గ్రాస్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ది ఒకటి వరసగా కనిపిస్తాయి. కొత్తవాళ్లకి ఏది నొక్కాలో తెలియదు. సొంతదే వాడండి, తేడా తెలిసే రోజు వచ్చినప్పుడు మిగతావి చూద్దురు గాని.

జియోమెట్రీలో (గీసిన ఆకారాల్లో) చిన్న లోపమున్నా ప్రాసెసింగ్ టూల్ ఎర్రక్షరాల్లో అరిచి ఆగిపోతుంది. "అక్కడ నడిచింది, ఇక్కడ నడవట్లేదు" అన్న ఫిర్యాదుల్లో సగం ఇదే. ఫిక్స్ జియోమెట్రీస్ ఒకసారి నడిపితే చాలాసార్లు తీరిపోతుంది. సెట్టింగుల్లో ఆ తనిఖీనే ఆపేయొచ్చు గానీ, ఆపమని నేను ఎవరికీ చెప్పను. పేర్ల తికమక కూడా ఉంది. ఆర్క్‌మ్యాప్‌లోని స్పేషియల్ జాయిన్ (ఉన్న చోటుని బట్టి రెండు లేయర్ల వివరాలు కలపడం) కోసం వెతికేవాళ్లకి ఇక్కడ అది "జాయిన్ అట్రిబ్యూట్స్ బై లొకేషన్" పేరుతో దొరుకుతుంది. అక్కడి ప్రాజెక్ట్ అనే టూల్ ఇక్కడ రీప్రాజెక్ట్ లేయర్. కంట్రోల్, కె నొక్కితే వచ్చే వెతుకుడు గడి అలవాటైతే మెనూలు తవ్వే బాధ చాలావరకు పోతుంది.

ప్లగిన్లు వరమూ శాపమూ. ఏ అవసరానికైనా ఒకటి ఉంటుంది, కానీ రాసినాయన ఆసక్తి పోతే అదీ పోతుంది. పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా కొన్ని రాలిపోతాయి. ఆఫీసు పని మొత్తాన్ని ఊరూపేరూ లేని ప్లగిన్ మీద ఆనించకండి. వెర్షన్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త. నాలుగు నెలలకోసారి కొత్తది వస్తుంది, మోజు పడొద్దు. ఏడాదికోసారి వచ్చే లాంగ్ టర్మ్ రిలీజ్ అన్ని కంప్యూటర్లలో ఒకటే ఉండేలా చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

సపోర్ట్ గురించి అడిగేవాళ్లకి నేను రెండు మాటలు చెబుతాను. ఫోన్ చేస్తే పలికే కంపెనీ కావాలంటే, క్యూజీఐఎస్‌కి డబ్బు తీసుకుని సపోర్ట్ ఇచ్చే సంస్థలున్నాయి. అక్కర్లేదంటే, బగ్గుల జాబితా అందరికీ కనిపించేలా తెరిచే ఉంటుంది, మీ సమస్య ఇంకెవరికైనా వచ్చిందా, దాన్ని సరిచేసే పని ఎక్కడిదాకా వచ్చిందో మీరే చూసుకోవచ్చు. ఫలానాది కావాలని నలుగురూ డబ్బు వేసుకుని చేయించుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2021లో 3.18తో వచ్చిన పాయింట్ క్లౌడ్ (లేజర్ కొలతల్లాంటి లెక్కలేనన్ని బిందువుల డేటా) సదుపాయం అలా చందాలతో తయారైందే. లైసెన్స్ మీద మిగిలిన దాంట్లో కొంతయినా ఇటు పంపమని ఆఫీసుల్ని అడగడం మర్యాద.

మార్చడం అంటే ఉన్నది పీకేయడం అని ఎవరైనా అనుకుంటే, వద్దనే చెబుతాను. సరిహద్దులు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో సందులు రాకూడదు లాంటి నియమాలు డేటాబేస్‌లోనే రాసిపెట్టి, చాలామంది ఒకేసారి ఎడిట్ చేసే చోట ఆర్క్‌జీఐఎస్ జియోడేటాబేస్ ఇప్పటికీ ముందుంది. క్యూజీఐఎస్‌లో అలాంటి తప్పులు పట్టే టోపాలజీ చెకర్ ఉంది, పోస్ట్‌జీఐఎస్ అనే ఓపెన్ సోర్స్ మ్యాప్ డేటాబేస్‌తో కలిపి చాలా దూరం వెళ్లొచ్చు, కానీ అక్కడ వచ్చేదాన్ని ఇక్కడ మనం కట్టుకోవాలి. మా దగ్గర డేటా అంతా పోస్ట్‌జీఐఎస్‌లో ఉంది, రెండు సాఫ్ట్‌వేర్లూ దాన్నే చదువుతాయి. భూమి పార్సిళ్ల (ప్లాట్ల) సరిహద్దులు చూసే ఇద్దరి దగ్గర మాత్రం పాత లైసెన్సులు అలాగే ఉన్నాయి. వాళ్లని మారమని నేను అడగలేదు. అడిగే ఉద్దేశం కూడా ప్రస్తుతానికి లేదు.