లెటర్‌బాక్సింగ్‌కి నాలుగు క్లిప్పుల డబ్బా: కోనసీమ ఉక్కకి ఆగుతుందా?

లెటర్‌బాక్సింగ్ అంటే డబ్బాలో రబ్బరు ముద్ర, చిన్న పుస్తకం పెట్టి దాచడం, దారి ఆనవాళ్లు రాసి పంచడం. వెతికి పట్టుకున్నవాళ్లు తమ ముద్ర ఆ పుస్తకంలో వేసి, డబ్బాలోని ముద్ర తమ పుస్తకంలో వేసుకుని, ఎక్కడిదక్కడ పెట్టి వచ్చేయాలి. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో మొదలైన ఆట. అక్కడి సరంజామా సలహాలు గోదావరి డెల్టాకి సగమే పనికొస్తాయి.

ప్లాస్టిక్ సామాన్ల కొట్లో దొరికే అర లీటరు డబ్బా, నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో సిలికాన్ రింగు ఉన్నది, వానకి పదికి తొమ్మిది మార్కులు. ఎండకి అయిదే. క్లిప్పు మడతపడే చోట ప్లాస్టిక్ తెల్లబడిందంటే త్వరలో విరుగుతుంది, నీడలోనే దాచాలి. కొన్న రోజే టిష్యూ కాగితం లోపల పెట్టి మూసి, మీద రాయి బరువుతో బకెట్ నీళ్లలో రాత్రంతా ముంచి చూడండి. కాగితం తడిస్తే ముందు రింగు గాడిలో ఇసుక రేణువు ఉందేమో చూడాలి. పాత ఆవకాయ డబ్బా మాత్రం వద్దు, ఎంత తోమినా వాసన పోదు. చీమలు, తర్వాత ఎలుకలు వస్తాయి.

అసలు చిక్కు వాన కాదు, లోపల చిక్కుకున్న గాలి. వర్షాకాలంలో మూత తీస్తే తేమగాలి లోపలికి చేరుతుంది, రాత్రి చల్లబడి బొట్లు కడుతుంది. డబ్బా గట్టిగా మూసుకుంది కాబట్టి ఆ తడి బయటికీ పోదు. పుస్తకానికి వేరే జిప్ కవరు, పక్కన తేమ పీల్చే 10 గ్రాముల సిలికా జెల్ సంచి తప్పవు. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకి తిరిగితే మార్చేయాలి.

ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఊదా సిరా తేమకి పాకి, ముద్ర మచ్చవుతుంది. పిగ్మెంట్ సిరా ప్యాడ్ మేలు, కానీ ఆరడానికి వ్యవధి ఇవ్వాలి, వెంటనే పుస్తకం మూస్తే ఎదుటి పేజీకి అంటుతుంది. ప్యాడ్ డబ్బాలో వదలకండి, ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. నోటుబుక్కు కాగితం పలచన, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకి 150 గ్రాములు తూగే) డ్రాయింగ్ కాగితం కుట్టుకుంటే చాలు.

ముద్రకి పెన్సిల్ చెరిపే పెద్ద రబ్బరు చాలు. బటర్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసి, గీసిన వైపు రబ్బరు మీద బోర్లించి రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది, ముద్ర వేస్తే సరిగ్గా పడుతుంది. చుట్టూ 2 మి.మీ. లోతు తీయాలి. తెలుగు అక్షరాలు ముచ్చటే గానీ థ లోపలి చుక్క నిలబడదు, పడవ బొమ్మ సులువు. రబ్బరు కొన్ని ప్లాస్టిక్‌లకి అతుక్కుంటుంది, గుడ్డలో చుట్టి పెట్టండి.

ఎంత మంచి డబ్బా అయినా చోటు తప్పితే దండగే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు లోపలి వాలులో రాళ్ల సందులు ఊరిస్తాయి. జూన్‌లో నీళ్లు వదిలితే డబ్బా తేలి వెళ్లిపోతుంది. లంకల్లో పెట్టినవి ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు రాకముందే తీసేయాలి. కొబ్బరి తోటయితే రైతుని అడగాలి, కాయలు రాలే చెట్టు మొదట్లో పెట్టకూడదు. సందులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి, పాములుంటాయి. కోరంగి మడ అడవుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ వదలొద్దు. మూత మీద ‘ఇది ఆట డబ్బా, తెరిచి చూడొచ్చు’ అని చెరగని మార్కరుతో రాయండి. గుడి దగ్గరా రైల్వే స్టేషన్ దగ్గరా అయితే అది రాసినా పెట్టొద్దు.