1:64 నుంచి 1:2 దాకా: ఆరేళ్ళుగా సుఖవ్యాధుల పరీక్షలు, చికిత్స

ఆరేళ్ళ క్రితం నాకు సిఫిలిస్ వచ్చింది. పాతకాలం వాళ్ళు సవాయి అనేవారే, అదే. అప్పట్నుంచి మూడు నెలలకోసారి సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకుంటున్నాను. ఇరవైకి పైగా రిపోర్టులు ఒక ఫైల్లో తేదీల వరసన దాచుకున్నాను. నాకు అవసరమైన రోజుల్లో ఎంత వెతికినా భయపెట్టేవాళ్ళే దొరికారు గానీ, "నేను చేయించుకున్నాను, ఇలా జరిగింది" అని చెప్పినవాళ్ళు కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట ఒక పుండు లేచింది. చిటికెనవేలి గోరంత ఉంది, అంచు గట్టిగా తగిలేది. నొప్పి లేదు, దురద లేదు. గజ్జల్లో బిళ్ళ కట్టింది, దానికీ నొప్పి లేదు. నొప్పి లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. మందుల షాపులో అడిగి ఏదో పూతమందు తెచ్చుకున్నాను. నెల తిరిగేసరికి పుండు మానిపోయింది. ఆ మందు వల్లే మానిందని గట్టిగా నమ్మాను. సిఫిలిస్ పుండు మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానుతుందని, క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుందని తర్వాత తెలిసింది.

ఎందుకైనా మంచిదని ఆ రోజుల్లోనే ఒక ల్యాబ్‌కి వెళ్ళి "అన్నీ చూడండి" అని రక్తం ఇచ్చాను. వాళ్ళు చూసింది హెచ్‌ఐవీ ఒక్కటే. నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం చూసుకుని రెండు నెలలు నిశ్చింతగా తిరిగాను. ఈ విషయంలో నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఏ పరీక్ష చేశారో, ఏది చేయలేదో అక్కడ ఒక్కరు కూడా చెప్పలేదు. అడగాలని నాకూ తెలియలేదు.

తర్వాత అరచేతుల్లో రాగిరంగు మచ్చలు పడ్డాయి. అప్పుడు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేతులు చూసి, చెప్పులు విప్పమన్నారు. అరికాళ్ళ నిండా అవే మచ్చలు, నేనే చూసుకోలేదు. "ఈ మధ్య నొప్పి లేని పుండు ఏమైనా వచ్చి తగ్గిందా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని, "ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. భయపడకండి" అన్నారు.

సిఫిలిస్‌ని అంకెతో కొలిచే ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్షలో 1:64 వచ్చింది. సిఫిలిస్‌ని ఖాయం చేసే టీపీహెచ్‌ఏ అనే ఇంకో రక్తపరీక్ష కూడా పాజిటివ్. ఆ అంకె ఏమిటో అర్థంకాక అడిగితే ల్యాబ్‌లో ఒకాయన ఓపిగ్గా కార్డు తెచ్చి చూపించారు. తెల్లటి కార్డు మీద వరసగా గుండ్రటి గళ్ళు. రక్తం నుంచి వేరుచేసిన సీరంను గడి గడికీ రెట్టింపు పల్చన చేసుకుంటూ పోతారు. అందులో బొగ్గు నలుసులు కలిపిన మందు వేసి కార్డును తిప్పుతారు. రియాక్షన్ ఉన్న గడిలో నల్లటి నలుసులు గుంపులుగా పేరుకుంటాయి, లేని గడిలో బూడిదరంగు సాఫీగా పరుచుకుంటుంది. నా సీరం 64 వంతులు పల్చన చేసినా నలుసులు పేరుకున్నాయి. ఆ కార్డు చూశాక జబ్బు మీద భయం సగం పోయింది. కంటికి కనపడేది, కొలవగలిగేది అనిపించింది.

చికిత్స బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. సగం ఒక పిరుదుకి, సగం రెండో దానికి. మందు చిక్కగా, తెల్లగా ఉంటుంది, నెమ్మదిగా ఎక్కించాలి. "బిగపట్టకండి, కాలు వదిలేయండి" అంటూనే ఉన్నారు సిస్టర్. రెండు రోజులు కూర్చోవడం కష్టమైంది. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు. ఇలా రావచ్చని డాక్టరుగారు ముందే హెచ్చరించారు కాబట్టి కంగారు పడలేదు. క్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు వచ్చే రియాక్షన్ అది, పెన్సిలిన్ పడకపోవడం వేరు. ఒక రోజులో తగ్గిపోయింది. జబ్బు వచ్చి ఏడాది లోపైతే ఈ ఒక్క డోసు చాలు. ఏడాది దాటితే, లేదా ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. పెన్సిలిన్ పడనివాళ్ళకు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. గర్భిణులకు మాత్రం పెన్సిలినే ఇవ్వాలి.

ఇంజెక్షన్ కంటే కష్టమైంది నాతో శారీరక సంబంధం ఉన్నవాళ్ళకు చెప్పడం. ఇద్దరికి చెప్పాలి. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను: "నాకు సిఫిలిస్ అని తేలింది. ఇంజెక్షన్ చేయించుకున్నాను. నువ్వూ చూపించుకోవాలి." ఒకరు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఎక్కడికి వెళ్ళాలి?" అని మాత్రం అడిగారు. ఇంకొకరు తిట్టి ఫోన్ పెట్టేశారు. నెల తర్వాత ఆ రెండో వ్యక్తి నుంచే "నాకూ వచ్చింది, మందు తీసుకున్నాను" అని మెసేజ్ వచ్చింది. ఇప్పటికీ దాన్ని తీసేయలేదు.

ఇంజెక్షన్‌తో పని అయిపోతుందనుకున్నాను. అసలు పని తర్వాతే ఉంది. మందు పనిచేసిందని చెప్పేది అంకె దిగడమే. నాలుగు రెట్లు, అంటే 1:64 కనీసం 1:16 కావాలి. నాకు మూడో నెలలో 1:16, ఆరో నెలలో 1:8, ఏడాదికి 1:2. అప్పట్నుంచీ అక్కడే ఆగింది. కొందరికి ఇలా చిన్న అంకె దగ్గర నిలిచిపోతుందట, కంగారు పడక్కర్లేదు, పెరుగుతోందేమో చూసుకుంటే చాలన్నారు. మధ్యలో ఒకసారి వేరేచోట వీడీఆర్ఎల్ అనే ఇలాంటిదే ఇంకో పరీక్ష చేయించి తీసుకెళ్తే, రెండు పరీక్షల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదని డాక్టరుగారు వెనక్కి పంపారు. అప్పట్నుంచి ఒకే ల్యాబ్, ఒకే పరీక్ష.

టీపీహెచ్‌ఏ మాత్రం నయమైనా చాలామందికి జీవితాంతం పాజిటివే. రెండేళ్ళ క్రితం ఇంకో పని మీద కలిసిన ఒక డాక్టరు అది చూసి మళ్ళీ ఇంజెక్షన్ రాయబోయారు. ఫైల్ తీసి 1:64 నుంచి 1:2 దాకా ఉన్న కాగితాలు చూపించాకే ఆగారు. ఫైల్ దాచినందుకు ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

నాలుగో ఏట ఇంకో సుఖవ్యాధి బయటపడింది. మూత్ర పరీక్షలో ఏమీ లేదు, గొంతు స్వాబ్‌లో, అంటే దూది పుల్లతో గొంతులో తుడిచి తీసిన నమూనాలో, గనేరియా. గొంతు నొప్పి కూడా లేదు. నోటితో సంబంధం ఉంటే గొంతు నుంచి, మలద్వారం ద్వారా ఉంటే అక్కడి నుంచి స్వాబ్ తీయాలి, మూత్రంలో అవి దొరకవు. ఇది నేను అడిగితేనే తీశారు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చి, రెండు వారాలకు గొంతు మళ్ళీ చూశారు, పోయింది. వారం రోజులు ఎవరితోనూ శారీరకంగా కలవొద్దన్నారు. ఒకప్పుడు గనేరియాకి వాడిన సిప్రోఫ్లాక్ససిన్ లాంటి మాత్రలకు ఆ క్రిమి చాలావరకు లొంగడం లేదు కాబట్టి షాపులో అడిగి మింగితే లాభం లేదు.

ఎప్పుడు వెళ్తున్నామన్నదీ ముఖ్యమే. పుండు లేచిన తొలి రోజుల్లో ఆర్‌పీఆర్ నెగెటివ్ రావచ్చు. హెచ్‌ఐవీకి నాలుగో తరం ల్యాబ్ పరీక్ష (క్రిమి ఆనవాళ్ళనూ, దాని మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలనూ రెండింటినీ చూసేది) శారీరకంగా కలిసిన 45 రోజుల తర్వాత చేయిస్తేనే ఆ నెగెటివ్‌ను నమ్మొచ్చు. మూత్రమైతే కనీసం గంటసేపు ఆపుకుని, మొదట వచ్చేది పట్టాలి.

ఇప్పుడు కౌంటర్ దగ్గర "అన్నీ చూడండి" అనను. కాగితం మీద రాసుకుని వెళ్తాను: హెచ్‌ఐవీ, ఆర్‌పీఆర్ అంకెతో సహా, మూత్రంలో గనేరియా, క్లమీడియా (ఇదీ ఒక సుఖవ్యాధే), వాటికే గొంతు స్వాబ్. మొదట్లో ఆ కాగితం మడిచి ఇచ్చేదాన్ని. ఇప్పుడు చదివి వినిపిస్తున్నాను.