ఎంఎంటీఎస్ రివ్యూ: ముందు కేబిన్‌లో కూర్చునేవాళ్ల గురించి కూడా

మన హైదరాబాద్ లోకల్ రైలు, లింగంపల్లి–ఫలక్‌నుమా ఎంఎంటీఎస్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగు స్టార్లు. ఐదు రూపాయల నుంచి టికెట్ ఈ సిటీలో ఇంకెక్కడుంది చెప్పండి, హైటెక్ సిటీ రోడ్ల మీద కార్లు కదలకుండా ఉంటే ఇక్కడ మనం బేగంపేట దాటేస్తాం. ఇదంతా అందరూ రాసేదే, నేను చెప్పాలనుకున్నది బండి నడిపేవాళ్ల గురించి.

2019 నవంబర్ 11న కాచిగూడలో ఎంఎంటీఎస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్ గుద్దుకున్నాయి కదా, నుజ్జయిన కేబిన్‌లో ఎంఎంటీఎస్ లోకో పైలట్, అంటే డ్రైవర్, దాదాపు ఎనిమిది గంటలు ఇరుక్కుపోయారు, రేకులు కోసి బయటికి తీశారు, కొన్ని రోజులకే హాస్పిటల్లో చనిపోయారు. ఆ మాట వస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు "ముందే దూకేయొచ్చుగా" అంటారు, వింటే ఒళ్లు మండుతుంది. దూకి ఎక్కడ పడాలి? కింద కంకర, పక్కన కరెంటు స్తంభాలు, అవతల ఇంకో లైను. ముందు విడిగా ఇంజన్ ఉన్న బండైతే ఎమర్జెన్సీ బ్రేక్ కొట్టేసి కేబిన్ వెనక మెషిన్ రూమ్‌లోకి పరుగెత్తే ఛాన్స్ కొంచెమైనా ఉంటుంది, ఎంఎంటీఎస్‌లో డ్రైవర్ కూర్చునేదే బండి మొదట్లో, మొదటి దెబ్బ ఆయనకే.

1900లో అమెరికాలో కేసీ జోన్స్ అనే డ్రైవర్, ముందు లైన్ మీద గూడ్స్ బండి కనపడగానే ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్‌ని దూకమని చెప్పి తను బ్రేక్ దగ్గరే ఉండిపోయాడు, పోయింది ఆయనొక్కడే. అది స్టీమ్ ఇంజన్ల కాలం. ఇప్పుడు ఎయిర్ బ్రేక్ ఒక్కసారి ఎమర్జెన్సీలో పెడితే మనిషి కేబిన్‌లో ఉన్నా లేకపోయినా అన్ని పెట్టెలకీ పడుతుంది. అందుకే ఉండిపోయినవాడు హీరో, దూకినవాడు పిరికివాడు అనే లెక్క నేను ఒప్పుకోను, బ్రేక్ వేశాక ప్రాణం కాపాడుకుంటే తప్పేంటి, ఆయనకీ ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

అసలు అంతదాకా రాకూడదు. 2022 మార్చి 4న మన దగ్గరే గుల్లగూడ–చిట్‌గిడ్డ మధ్య టెస్ట్ చేసినప్పుడు, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్‌ని ముందున్న ఇంకో ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలోనే కవచ్ (బళ్లు గుద్దుకోకుండా బ్రేకులు వేసే సిస్టమ్) దానంతటదే ఆపేసింది. మొదట్లో కవచ్ తయారీకి ఓకే అయిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. ఇక్కడ పుట్టిన వస్తువు ఇక్కడి ప్రతి లోకల్ బండిలో, ప్రతి స్టేషన్లో ఉండాల్సిందే, నేను ఒక స్టార్ ఆపింది ఇందుకే. మనం ఎప్పుడూ టైమింగులు, ఏసీ పెట్టెలు అడుగుతుంటాం. రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో సజెషన్స్ రాసే ఆప్షన్ ఉంది, ఈసారి కవచ్ అడగండి.