కొటారు కోసం వెళ్లి ఉప్పుమడి చూశాం

కాకినాడలో బస, భోజనం, కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద నడక ఏ లోటూ లేకుండా సాగాయి. గదికి ఇచ్చిన 1,400 రూపాయల గురించి విచారం లేదు. బాధంతా పడవకు పోసిన 1,800 రూపాయల గురించే.

ఉప్పుటేరులో తిప్పి, రెడ్డిరాజుల నాటి ఉప్పు కొటారు, అంటే ఉప్పు నిల్వచేసే చోటు, చూపిస్తానన్న పడవవాడి మాట నమ్మి ముందే సొమ్మంతా ఇచ్చాం. చరిత్ర మాస్టారుగా పదవీ విరమణ చేసిన మా మావయ్య రాత్రే నోటుపుస్తకం సర్దుకున్నారు. తీరా అక్కడున్నది బురదలో మోకాలెత్తు ఇటుకగోడ, దానిమీద సిమెంటు పూత. మావయ్య ఆ పూతను గోటితో గీకి చూసి, మాట్లాడకుండా వచ్చి పడవలో కూర్చున్నారు. సగం డబ్బయినా వెనక్కి ఇమ్మంటే డీజిలు ఖర్చయిపోయిందన్నాడు. చూపించాకే డబ్బివ్వండి.

తిరుగుదారిలో, చొల్లంగి దగ్గర పర్రలో ఉప్పుమడులు కనబడి ఆటో ఆపించాం. ఒక పెద్దాయన గట్టు మీదికి రమ్మన్నారు. ఏటి పోటునీటిని ఒక మడి నుంచి మరొక మడికి వదులుతూ ఎండకు చిక్కబరుస్తారనీ, ముందు సున్నపురాయిలాంటి జిప్సం అడుగుకు దిగాకే ఉప్పు కడుతుందనీ, చివర మిగిలే చేదునీటిని తోడెయ్యకపోతే సరుకు చెడుతుందనీ ఆయన ఓపికగా చెప్పారు. నీటిమీద పలచని ఉప్పుపొర మీగడలా తేలుతోంది. మావయ్య వేలు పెట్టబోతే, "కదపకండి బాబూ, దానంతటదే బరువెక్కి మునగాలండి" అన్నారు.

ఇంగ్లండులోని లింకన్‌షైర్ తీరంలో మధ్యయుగాలవారు ఉప్పు ఇంకిన ఇసుక మీద నీళ్లు పోసి వడగట్టి, ఆ నీటిని కాచేవారనీ, పారబోసిన మట్టి దిబ్బలై నేటికీ నిలిచి ఉందనీ మావయ్య గట్టు మీదే నిలబడి చెప్పారు. ఇక్కడ కాచే పని ఎండదే కనుక మిగిలేవి మట్టిగట్లు. 1839 నవంబరు 25న కోరంగి రేవును ముంచెత్తినలాంటి ఉప్పెనల ముందు అవి ఏపాటి! మద్రాసు ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నాక, దొరల కాగితాలలోకి కూడా ఎక్కిన మన కొటారు అనే మాట మాత్రం గట్టిగా నిలిచింది. ఆ మాటను ఆ పెద్దాయన నోట వినగానే మావయ్య నోటుపుస్తకం తెరిచారు.

ఆయన పైసా పుచ్చుకోలేదు. బలవంతాన 40 రూపాయలిచ్చి రెండు కిలోల కల్లుప్పు కొన్నాం. వెళ్లదలచినవారు వానలు పడకముందే, వేసవిలో, పొద్దున్నే వెళ్లండి.