పవర్‌లైన్ అడాప్టర్లు: నాలుగేళ్లు వాడాక నా మాట

మాది గుంటూరులో పాత రెండంతస్తుల ఇల్లు. రౌటర్ కింద హాల్లో ఉంటుంది, నా ఆఫీసు పని మేడ మీద గదిలో, మధ్యలో స్లాబు, మందపాటి గోడలు. వైఫై మెట్ల దాకా వచ్చి ఆగిపోయేది. గోడలు కొట్టి కేబుల్ లాగడానికి అమ్మ ఒప్పుకోలేదు. అందుకే ఈ అడాప్టర్ల జత కొన్నాను. ఒకటి రౌటర్ దగ్గర, ఇంకోటి పైన కంప్యూటర్ దగ్గర సాకెట్లో పెట్టి రెండు వైపులా ల్యాన్ కేబుల్ తగిలిస్తే, నెట్ ఇంటి కరెంటు తీగల మీదే నడుస్తుంది.

మొదటి నెల చాలా విసిగిపోయాను. డబ్బా మీద 600 ఎంబీపీఎస్ అని ఉంది, నాకొచ్చింది 8. వెనక్కి పంపేద్దామనుకుంటుండగా ఫ్యాన్ బాగుచేయడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ చూసి, "మీది త్రీ ఫేజ్ కదా సార్, హాలు ఒక ఫేజు మీదుంది, ఈ గది ఇంకో ఫేజు మీదుంది. ఇన్వర్టర్ లైనైతే పైనా కిందా ఒకటే" అన్నాడు. అంటే హాలుకీ ఈ గదికీ కరెంటు వేర్వేరు తీగల మీద వస్తోంది, సిగ్నల్ ఒకదాన్నుంచి ఇంకోదానికి సరిగ్గా దాటడం లేదు. రెండింటినీ ఇన్వర్టర్ పాయింట్లలోకి మార్చాను. 80 వచ్చింది! అంతకంటే పెద్దగా రాదు, ఎందుకంటే వీటి ల్యాన్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది. డబ్బా మీద ఆ అంకె వేసి, లోపల ఈ పోర్టు పెట్టి అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు.

స్పైక్ గార్డ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో మాత్రం పెట్టకండి, అది సిగ్నల్‌ని మింగేస్తుంది. గోడ సాకెట్లోనే నేరుగా పెట్టాలి. పక్కనే ఒక చవక ఫోన్ ఛార్జర్ పెడితే స్పీడు సగానికి పడిపోయింది, అది తీసేశాక సర్దుకుంది. కింద మిక్సీ తిరిగినంతసేపూ కొంచెం తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, కొన్న రోజే రెండింటి మీదా పెయిర్ బటన్ నొక్కండి, అప్పుడు మీ జతకి సొంత పాస్‌వర్డ్ పడుతుంది. హోమ్‌ప్లగ్ ఏవీ (చాలా కంపెనీల పవర్‌లైన్ అడాప్టర్లు వాడే ప్రమాణం) రకం వాటికి ఏ కంపెనీదైనా మొదట ఉండే పాస్‌వర్డ్ ఒకటే, అపార్ట్‌మెంట్లలో సిగ్నల్ పక్క ఫ్లాట్ దాకా వెళ్లే అవకాశం ఉంది.

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని ఆ స్పీడంతా కావాలనుకునేవాళ్లు డబ్బులు పెట్టి కేబులే లాగించుకోండి. నాకు కావాల్సింది కాల్ తెగకపోవడం. రౌటర్ కూడా ఇన్వర్టర్ మీదే ఉంది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు స్పీడు 40కి దిగుతుంది కానీ మీటింగ్ మాత్రం ఆగదు.